ఏ డబ్బా పెల్లెట్లు బావున్నాయంటే

మా పెద్ద బావ టెక్సాస్‌లో ఉంటాడు. ఆయన దగ్గర మార్లిన్ 1894 లివర్ యాక్షన్ రైఫిల్ ఒకటుంది, అంటే కింద మీట ఆడించి తూటా ఎక్కించేది. తూటా .357 మ్యాగ్నం. రివాల్వర్ కోసం 1935లో వచ్చిన తూటా అది, దాన్నే పొడుగు గొట్టంలోంచి కాలుస్తాడన్నమాట. కొట్లో తూటాలు కొనడం ఆయనకి నచ్చదు. పేలిపోయిన ఇత్తడి గుల్లలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, గ్యారేజీలో కూర్చుని తనే మళ్లీ మందు పోసి గుండు బిగించుకుంటాడు. మా అక్క ఆ గ్యారేజీని "మీ బావ వంటిల్లు" అంటుంది.

నాకున్నది అంబాజీపేట దగ్గర కొబ్బరి తోట, ఒక స్ప్రింగు ఎయిర్ గన్. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే ఆయుధాల చట్టం కింద కేసు. ఎయిర్ గన్‌కి ఆ టెన్షన్ లేదు. 2016 నిబంధనల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లకీ, శక్తి 20 జౌళ్లకీ మించకపోతే లైసెన్సు అక్కర్లేదు. తోట గట్టు మీద వెళ్లేవాళ్లు మాత్రం "కొంగల్ని కొడతారాండీ?" అని అడక్కుండా వెళ్లరు. కొట్టనండి. చట్టం ఎలాగూ ఒప్పుకోదు, నాకూ కాగితం మీద చిల్లులంటేనే సరదా.

ఆ చిల్లులు దగ్గరదగ్గరగా పడాలంటే ఏ పెల్లెట్, అంటే ఎయిర్ గన్‌లో వేసే చిన్న సీసం గుండు, వాడాలని బావని ఫోన్‌లో అడిగాను.

"ఒరే, నేను గుండు మార్చాలి, మందు మార్చాలి, తూటా పొడవు మార్చాలి, మూతి నొక్కడం మార్చాలి. నువ్వు మార్చేది పెల్లెట్ ఒక్కటే. ఇంకేం కావాల్రా నీకు?" అన్నాడు.

తర్వాత ఒక గంట సేపు తన గొడవే చెప్పాడు. చెబుతుంటే నాకూ విసుగు రాలేదు. ఆయన రైఫిల్‌లో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో వరసగా పడుకుంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా పిర్రకి ఆనుకుని ఉంటుంది. సరిగ్గా అక్కడే ప్రైమర్, అంటే దెబ్బ తగిలితే పేలి మందుని అంటించే చిన్న బిళ్ల, ఉంటుంది కాబట్టి గుండుకి మొనదేలిన ముక్కు పనికిరాదు. బల్లపరుపుగా ఉండాలి. పైగా స్ప్రింగు వాటిని ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది. గుల్ల మూతిని గుండు చుట్టూ ఉన్న గాడిలోకి గట్టిగా నొక్కకపోతే గుండు లోపలికి జారుతుంది. జారితే లోపలి ఒత్తిడి మారిపోతుంది, గురీ పోతుంది, ఒక్కోసారి ప్రమాదం కూడా. రివాల్వర్‌లో బాగా పేలిన తూటా ఇందులో సరిగా ఎక్కకపోవచ్చు కూడా.

మందు సంగతి ఇంకా బావుంది. హెచ్ 110 అని నెమ్మదిగా కాలే మందు ఒకటుందట. పొట్టి రివాల్వర్ గొట్టంలో అది పూర్తిగా పనిచేసేలోపే గుండు బయటపడిపోతుంది. రైఫిల్ గొట్టంలో దానికి తగినంత టైము దొరుకుతుంది, సెకనుకి నాలుగైదు వందల అడుగులు ఎక్కువ వేగం వస్తుంది. అలాగని మెత్తగా కాల్చుకుందామని ఆ మందు తగ్గించి పోయకూడదు, తయారీదారే వద్దంటాడు. మెత్తగా కావాలంటే వేరే మందు పోసుకోవాలి. "పుస్తకంలో ఉన్న లెక్క దాటి ఒక్క గ్రెయిన్ కూడా పొయ్యను" అన్నాడు బావ. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. స్వతహాగా ధైర్యస్తుడు ఆయన, ఈ ఒక్క విషయంలోనే ఇంత భయం చూశాను.

ఇదివరకు ఆయన దగ్గర రోసీ 92 అని ఇలాంటిదే ఇంకో రైఫిల్ ఉండేది. గుండు గిరగిరా తిరుగుతూ వెళ్లడానికి గొట్టం లోపల మెలికల గాడి ఉంటుంది. రోసీలో ఆ గాడి ఒక చుట్టు తిరగడానికి 30 అంగుళాలు పడుతుంది. మార్లిన్‌లో 16 అంగుళాలకే తిరుగుతుంది. 180 గ్రెయిన్ల బరువు గుండు రోసీలో చెదిరిపోయిందట, మార్లిన్‌లో కుదురుగా పడిందట. గుండు అదే, చెయ్యీ అదే. అంటే "మంచి గుండు" అని విడిగా ఏదీ ఉండదు, ఏ గొట్టానికి ఏది పడుతుందో చూసుకోవాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసుకోవాలి. నేను ఆయన దగ్గర తీసుకున్నది ఇంతే. మిగతాదంతా నా పని.

మా తోటలో చెట్టుకీ చెట్టుకీ పాతిక అడుగుల ఎడం. మూడు ఎడాలు దాటితే 25 గజాలు. అక్కడ చెక్కపెట్టెలో కొబ్బరి పీచు గట్టిగా కుక్కి పెట్టాను, వెనక మట్టి గట్టు. పొద్దున్నే కాల్చాలి. పదింటికల్లా సముద్రం మీంచి గాలి మొదలవుతుంది, ఆకులు ఊగడం కనిపిస్తూనే ఉంటుంది. బావ గుండు మామూలుగా 158 గ్రెయిన్లు, అంటే పది గ్రాముల పైమాట. నా పెల్లెట్ ఎనిమిది గ్రెయిన్ల చిల్లర, అర గ్రాము. దాన్ని పక్కకి నెట్టడానికి పెద్ద గాలి అక్కర్లేదు.

పెల్లెట్లు మూడు రకాలవి తెచ్చాను. బల్లపరుపు తలవి, గుండ్రటి తలవి, సూది మొనవి. అన్నిటికీ నడుము సన్నగా ఉంటుంది, వెనక లంగాలా విచ్చుకుని ఉంటుంది. గాలి ఒత్తిడికి ఆ అంచే గొట్టాన్ని పట్టుకుంటుంది.

అమలాపురంలో నా స్నేహితుడికి బంగారం కొట్టుంది. గాజు తలుపుల చిన్న కాటా, మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. ఒక మధ్యాహ్నం బేరం లేని వేళ డబ్బా పట్టుకెళ్లాను. వాడు పట్టకారుతో ఒక్కొక్క పెల్లెట్ పెడుతూ అంకెలు చదివాడు. 0.541, 0.538, 0.557, 0.543. "ఇందులో తరుగు ఎంత వెయ్యమంటావ్?" అని నవ్వాడు. ఒకే డబ్బాలో అంత తేడా ఉందా అని నేనూ ఆశ్చర్యపోయాను. తీరా బరువు చూసి వేరుచేసినవి కాలిస్తే 25 గజాల్లో పెద్ద తేడా రాలేదు. తేడా వచ్చింది ఇంకోచోట. భూతద్దం పెట్టి వెనక అంచు చూస్తే కొన్నిటికి చిన్న సొట్ట ఉంటుంది, డబ్బా కింద పడినా చాలు సొట్ట పడుతుంది. అవి తీసి పక్కన పెడితే దూరంగా ఎగిరిపడే చిల్లులు చాలావరకు తగ్గాయి. నా తుపాకీ మట్టుకు కాటా మన తృప్తికి, భూతద్దం అసలు పనికి.

గొట్టం మడిచి పెల్లెట్ దూర్చేటప్పుడు బొటనవేలికే కొంత తెలిసిపోతుంది. కొన్ని వదులుగా జారిపోతాయి, కొన్ని గట్టిగా నొక్కితేగానీ దిగవు. తల కొలతలో 4.49, 4.50, 4.52 అని డబ్బాల మీద రాసుంటాయి. నా గొట్టం 4.52 అడిగింది.

ఒక విషయంలో బావ మాట ఇక్కడ చెల్లదు. ఆయన రైఫిల్‌ని ఇసుక సంచి మీద ఆనించి కాలుస్తాడు. స్ప్రింగు ఎయిర్ గన్‌ని అలా ఆనిస్తే చిల్లులు ఎక్కడెక్కడో పడతాయి. పెల్లెట్ గొట్టం దాటకముందే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకీ వెనక్కి తన్ని మళ్లీ ముందుకు ఊగుతుంది. ఆ ఊపు ప్రతిసారీ ఒకేలా సాగాలి. అందుకని అరచేతిని సంచి మీద పెట్టి, చేతిలో తుపాకీని పట్టుకోకుండా ఊరికే పడుకోబెట్టాలి. పెల్లెట్లని తిట్టుకునేవాళ్లలో సగం మంది ముందు పట్టు మార్చుకోవాలని నా అభిప్రాయం. ఇంకోటి, పిస్టన్ ముందు నూనె ఎక్కువైతే గాలి ఒత్తిడికి అంటుకుని పొగ వస్తుంది, వేగం ఇష్టమొచ్చినట్టు మారుతుంది. పొగ ఆగేదాకా కొలతలు దండగ.

ఫలితాలకొస్తే, సూది మొనవి దండగ. చూడ్డానికి చురుగ్గా ఉంటాయి, మొన నడిమధ్యన లేకపోతే అంతే సంగతులు. బల్లపరుపు తలవి పది మీటర్లలో కాగితాన్ని గుండ్రంగా కత్తిరించినట్టు చేస్తాయి, 25 గజాల్లో చిల్లులు దూరదూరంగా పడతాయి. గుండ్రటి తలవే నిలిచాయి. అందులోనూ రెండు డబ్బాల మధ్య పోటీ వచ్చింది. మొదటి డబ్బా ఒకరోజు అయిదు పెల్లెట్లకి ఒకే చిల్లు చేసింది, ఆ కాగితం ఫొటో తీసి బావకి పంపాను. మర్నాడు అదే డబ్బా రూపాయి బిళ్లంత వెడల్పున చిమ్మింది. రెండోది ఎప్పుడూ అంత అద్భుతం చెయ్యలేదు, ఎప్పుడు కాల్చినా చిటికెన వేలి గోరంతలోనే పడేది. నేను రెండోదే ఉంచుకున్నాను. మొదటి డబ్బా కాగితం మాత్రం ఇంకా ఫ్రిజ్ మీద అంటించి ఉంది, మా ఆవిడ తీసెయ్యమంటే తియ్యలేదు.

మన వైపు ఉప్పుగాలికి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. పొడి పట్టినవి కాల్చకండి, పిల్లల చేతికివ్వకండి. కాల్చాక సబ్బుతో చేతులు కడిగాకే టిఫిన్.

అదే రకం ఇంకో నాలుగు డబ్బాలకి ఆర్డరు పెట్టాను. లాట్ నంబరు, అంటే తయారైన విడత, ఒకటే ఉండాలంటే కొట్టువాడు "పెల్లెట్లకి కూడానా అండీ?" అన్నాడు. బావ సంక్రాంతికి వస్తున్నాడు, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ తెస్తానన్నాడు. అప్పటిదాకా పాత డబ్బాలో కొన్ని దాచి ఉంచాలి, కొత్త లాట్ వాటితో పోల్చి చూడ్డానికి.