పాపీ దీపాలను మళ్లీ వెలిగించేదాకా: నా అనుభవం

ఎయిర్‌పోర్టులో ఎలక్ట్రికల్ ఉద్యోగం అనగానే చాలామంది ఏసీలు, లిఫ్టులు చూసుకుంటాననుకుంటారు. నేను చూసేది రన్‌వే దీపాలు. వాటన్నిటిలో నాకు ప్రాణం పాపీ (PAPI), అంటే దిగే విమానం సరైన ఎత్తులో వస్తోందో లేదో పైలట్‌కి చూపే దీపాలు. రన్‌వేకి ఎడమ పక్కన, అడ్డంగా ఒకే వరసలో నాలుగు పెట్టెలు ఉంటాయి. దిగబోయే పైలట్‌కి వాటిలో రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. తెలుపు పెరిగితే ఎత్తు ఎక్కువ, ఎరుపు పెరిగితే తక్కువ. నాలుగూ ఎర్రబడితే ప్రమాదకరంగా కిందికి వచ్చేసినట్టు.

ఒక వానాకాలం చివర్లో, ల్యాండ్ అయిన పైలట్ ఒకాయన టవర్‌కి చెప్పారు: సరైన ఎత్తులోనే వస్తున్నా మూడు తెలుపులు కనిపించాయని. వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. మూడు తెలుపులు చూసిన పైలట్ ఎత్తు ఎక్కువైందనుకుని ఇంకా కిందికి దించుతాడు. రన్‌వేకి ఆ వైపు నుంచి దిగేవాళ్లకి ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో దిగే దారి చూపే ఏర్పాటు) లేదు. రాత్రిపూట చుట్టూ పొలాల చీకటే. అలాంటి చీకట్లో ఉన్న ఎత్తు కంటే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు కళ్లు భ్రమపడతాయి. కళ్లూ దీపాలూ కలిసి ఒకే తప్పు చెబితే ఇంక పైలట్‌కి దిక్కేది? వెంటనే పాపీ ఆపేసి నోటమ్ (పైలట్లకి పంపే అధికారిక హెచ్చరిక) ఇప్పించాం. తప్పు చూపించే పాపీ కంటే ఆర్పేసిన పాపీ వెయ్యిరెట్లు నయం.

మర్నాడు వాలు కోణం కొలిచే క్లైనోమీటర్ పట్టుకుని వెళ్లాం. విమానం మూడు డిగ్రీల వాలులో దిగాలంటే పెట్టెల కోణాలు ఇలా ఉండాలి: బయటి వైపు నుంచి 2 డిగ్రీల 30 నిమిషాలు, 2 డిగ్రీల 50, 3 డిగ్రీల 10, రన్‌వేకి దగ్గరున్నది 3 డిగ్రీల 30. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. మాకు తేడా కనిపించింది రన్‌వే నుంచి రెండో పెట్టెలో. 3 డిగ్రీల 10 నిమిషాలు ఉండాల్సినది మూడు డిగ్రీల లోపుకి పడిపోయింది.

కారణం కాళ్ల కిందే ఉంది. మాది నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. పెట్టె ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య దూరం అర మీటరు పైచిలుకు. పెట్టె నిలబడే కాంక్రీటు దిమ్మె ముందువైపు రెండు మూడు మిల్లీమీటర్లు కుంగితే చాలు, కోణం అంత మారిపోతుంది. మూడు కిలోమీటర్ల దూరంలో పది నిమిషాల తేడా అంటే దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తు.

పాత దిమ్మె తీసేసి, రేగడి మట్టి లోతుగా తవ్వించి, గ్రావెల్ నింపి, కొత్త కాంక్రీటు వేయించాం. పెట్టె రన్‌వే అంచుకి పదిహేను మీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి విమానం వస్తోందని టవర్ చెప్పిన ప్రతిసారీ పని ఆపి, సామాను తీసుకుని దూరంగా వెళ్లిపోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ అందులో రాజీ పడేది లేదు.

కాంక్రీటు గట్టిపడ్డాక పెట్టె మూత తీసి సెట్టింగ్ మొదలెట్టాం. లోపల ల్యాంపు ముందు పై సగానికి ఎర్ర ఫిల్టర్ ఉంటుంది. లెన్స్ బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి బయటికి పైన తెలుపు, కింద ఎరుపు వెళ్తాయి. ఆ రెండూ కలిసే గీత కత్తి అంచులా ఉండాలి. రంగు మారడం మూడు నిమిషాల కోణంలోపే అయిపోవాలి. సాయంత్రం మసక పడ్డాక పెట్టెకి పది మీటర్ల ముందు కొలత గీతలున్న కర్ర నిలబెట్టి చూశాం. మా సీనియర్ టెక్నీషియన్ గారు కాలి నట్టు పావు చుట్టు తిప్పి, "ఇప్పుడు చూడండి సార్" అనేవారు. కర్ర దగ్గర కూర్చుని తల కొద్దిగా పైకీ కిందికీ కదిపితే ఎరుపు చటుక్కున తెల్లబడేది. అది ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

నేల మీద మేం ఎంత సరిచూసుకున్నా కాలిబ్రేషన్ విమానం (దీపాల కోణాలను గాల్లోంచి పరీక్షించేది) వచ్చి ఒప్పుకోవాలి. అది ఒకే ఎత్తులో రన్‌వే వైపు వస్తుంటే ముందు నాలుగూ ఎర్రగా ఉండి, బయటి పెట్టె నుంచి ఒక్కొక్కటే తెల్లబడాలి. ఏది ఏ కోణంలో మారిందో వాళ్లు రాసుకుంటారు. తర్వాత మూడు డిగ్రీల వాలులో దిగి చూస్తారు. నాలుగూ ఎర్రగా కనిపించే ఎత్తులో కూడా కింద చెట్టూ టవరూ తగలకుండా ఉన్నాయా అనేదీ చూస్తారు. రేడియో దగ్గర మేమెవరం మాట్లాడలేదు. రెండో పెట్టె కోణం సరిపోయిందని చెప్పాకే టెక్నీషియన్ గారు టీ తెప్పించారు. రిపోర్టు మీద సంతకాలయ్యాక నోటమ్ ఎత్తేశారు.

ఇప్పుడు గట్టి వాన పడ్డాకా, వేసవిలో నేల బీటలిచ్చినప్పుడూ నాలుగు పెట్టెలనూ కొలిపిస్తున్నాను. చలికాలం ఇంకో జాగ్రత్త కావాలి. తెల్లవారుజామున లెన్స్ మీద తేమ పడితే రంగులు కలిసిపోయి కనిపిస్తాయి. అందుకే ఫ్లైట్లు లేని గంటల్లోనూ పాపీని పూర్తిగా ఆర్పకుండా తక్కువ వెలుతురులో ఉంచమని రాత్రి షిఫ్టు వాళ్లకి లాగ్‌బుక్కులో రాసిపెట్టాను.