జపనీస్ దీర్ఘాలు: వార్డు ఆఫీసులో నా అనుభవం

ఇక్కడ జపాన్‌లో మా బాబుకి డే కేర్‌లో సీటు వచ్చిందని ఈ పొద్దున ఉత్తరం అందింది. ఏప్రిల్లో చేర్చాలి. ఆ దరఖాస్తు ఇచ్చిన రోజు జరిగింది ఇప్పుడైనా రాయకపోతే నా మనసు ఊరుకోదు.

జపనీస్ అక్షరమాలలు రెండూ, హిరగన, కతకన, మూడు వారాల్లో వచ్చేశాయి. జపనీస్ భాషా పరీక్షలో మొదటి రెండు మెట్లు, ఎన్5, ఎన్4 పాసయ్యాను. ఆ పరీక్షల్లో మాట్లాడించే భాగమే ఉండదు, అందుకే నా ఉచ్చారణ సంగతి బయటపడలేదు.

వార్డు ఆఫీసు కౌంటర్‌లో ఆవిడ ఫారం నింపుతూ, సాయంత్రం బాబుని తీసుకెళ్ళడానికి ఎవరొస్తారని అడిగింది. మావారు వస్తారని చెప్దామని, "షూజిన్ గ కిమసు" అన్నాను ధైర్యంగా. ఆవిడ పెన్ను ఆ గడి మీదే ఆగిపోయింది. "షూజిన్?" అంది. వినబడలేదేమో అనుకుని ఇంకా గట్టిగా, ఇంకా సాగదీసి చెప్పాను. పక్క కౌంటర్ అమ్మాయి చేత్తో నోరు మూసుకుంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. చిన్న కాగితం ముక్క తీసి హిరగనలో రెండు మాటలు పక్కపక్కన రాసింది. తేడా ఒక్క ‘ఉ’ అక్షరం. అది లేని మాట కింద వేలు పెట్టి, "గొషుజిన్ దెసు నె" అంది నెమ్మదిగా. బయటికొచ్చి ఫోన్లో చూశాను. షుజిన్ అంటే మావారు, ఎదుటివాళ్ళ భర్తైతే గొషుజిన్. షూజిన్ అంటే ఖైదీ. స్టేషన్ దాకా కళ్ళు తుడుచుకుంటూనే నడిచాను.

తప్పు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. హైదరాబాద్‌లో నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో నోట్సంతా ఇంగ్లిష్ అక్షరాలే, దీర్ఘానికి పైన గీత కూడా పెట్టలేదు. ఎస్, హెచ్, యు కనబడితే ఎవరైనా కాళ్ళకి తొడిగే ‘షూ’ అనే చదువుతారు. మెడకీ మేడకీ తేడా ఉగ్గుపాలతో నేర్చుకున్నవాళ్ళం మనం. హిందీ అక్షరాల్లో లేని ఎ-ఏ, ఒ-ఓ తేడా కూడా మన దగ్గరుంది. అలాంటి చెవిని ఫీజు తీసుకుని మరీ పాడుచేయడం అన్యాయం. మొదటి నెల హిరగన రాకపోతే తెలుగులో రాసుకోండి, ఇంగ్లిష్‌లో మాత్రం వద్దు.

దారి చూపింది, ఆదివారాలు కమ్యూనిటీ సెంటర్‌లో ఉచితంగా పాఠం చెప్పే ఒక పెద్దావిడ. బల్లమీద వేలితో కొట్టి చూపించారు. ఒబసన్, అంటే పిన్ని, నాలుగు దెబ్బలు. ఒబాసన్, అంటే నాయనమ్మ, ఐదు. నేను రెండింటికీ మూడేసే కొడుతున్నాను. చివరి ‘న్’కి కూడా ఒక దెబ్బ పడాలని ఆవిడ నా వేలు పట్టుకుని కొట్టించారు. అప్పుడు వెలిగింది: ఇవి మాత్రలు! లఘువుకి ఒకటి, గురువుకి రెండు. ఒబసన్ సగణం, ఒబాసన్ యగణం. స్కూల్లో ఛందస్సు నాకు నూటికి నూరొచ్చేది. ఆ రాత్రి ఊళ్ళ పేర్లన్నిటికీ గురులఘువులు పెట్టుకున్నాను. నగొయ నగణం, క్యోతొ హగణం, ఓసక భగణం. మన పేపర్లు రాసే ‘ఒసాకా’లో దీర్ఘం తప్పు చోట పడుతోంది.

ఒక్కచోట జాగ్రత్త. హిరగనలో ‘ఒ’ తర్వాత ‘ఉ’ రాస్తే మామూలుగా ‘ఓ’ అని పలకాలి. కానీ ఒమొఉ, అంటే అనుకోవడం, లాంటి క్రియల చివరి ‘ఉ’ విడిగానే పలుకుతుంది. ఫోన్లో నేనిప్పటికీ అక్కడ తడబడుతున్నాను.

ఏప్రిల్లో డే కేర్ టీచర్ కూడా అదే ప్రశ్న అడుగుతారు. ‘షు’ లఘువు, ‘జిన్’ గురువు. మూడే మాత్రలు.