ఎర్రనల్లి డబ్బా 31వ రోజు, మీసం సగం పోయిన పురుగు సంగతి

గుడ్ల నుంచి మొదలుపెట్టిన బ్యాచ్‌లో ఇవాళ్టికి 23 పురుగులకి రెక్కలొచ్చాయి. ఎర్రనల్లి అంటే ఆకుల కింద కంటికి ఆనకుండా ఉండేది కాదు, పత్తికాయ పగిలితే గుంపుగా చేరి దూదికి మరకలు పెట్టే ఎర్ర పురుగు.

మొదటిసారి షాపులో పత్తి విత్తనాల ప్యాకెట్ కొని నానబెట్టి మేతగా పెట్టా, తెల్లారేసరికి అన్నీ వెల్లకిలా పడున్నాయి, గింజకి పురుగుమందు పూత ఉంటుందని తట్టలేదు, ఆ రంగు చూసైనా అర్థం కావాల్సింది. ఈసారి చేలో పగిలిన కాయలు తెచ్చి దూది వలిచి గింజలు తీశా, రాత్రంతా నానబెట్టి రెండ్రోజులకోసారి మారుస్తున్నా లేకపోతే బూజే. లీటరు ఐస్‌క్రీమ్ డబ్బా, అడుగున రెండు వేళ్ల మందం తడి ఇసుక, పైన దోమతెర గుడ్డ, అంతే.

టిష్యూ మాత్రం కావాలనే పరవలేదు. 1965లో హార్వర్డ్‌లో ఈ కుటుంబం పురుగునే అమెరికా పేపర్ టవల్ మీద పెంచితే పెద్దవే అవ్వలేదు, కాగితంలోని బాల్సమ్ ఫర్ చెట్టు పదార్థం పిల్లదశలోనే ఆపేసింది. నా టిష్యూ ఏ చెట్టుదో ఎవడికి తెలుసు!

గుడ్లు 6 రోజులకి పగిలాయి. మొదటి దశ, అంటే మొదటి కుబుసం విడిచేదాకా, 3 రోజులు, గింజ ముట్టవు, తడి చాలు, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. తర్వాతి నాలుగు దశలు 4, 4, 5, 8 రోజులు. మూడో దశలో రెక్కల మొగ్గలు చిన్నగా కనపడ్డాయి, ఐదోదాంట్లో నల్లగా బాగా తెలుస్తాయి.

ఫోన్‌కి మాక్రో లెన్స్ తగిలించి మీసాలు చూస్తే అసలు మజా. పిల్లకైనా పెద్దదానికైనా కణుపులు నాలుగే, పొడవులు మారతాయి కానీ లెక్క పెరగదు, మూడోది పొట్టిది, చివరిదాని నిండా సన్నటి నూగు. కుబుసం విడిచేటప్పుడు మీసాన్ని పాత తొడుగులోంచి మెల్లగా లాక్కుంటుంది, ఇసుక ఎండిన రోజు మాత్రం ఒకదానికి ఎడమ మీసం ఇరుక్కుని చివరి రెండు కణుపులు తెగిపోయాయి, తప్పు నాదే. అది అప్పుడే మూడో దశకొచ్చింది. నాలుగో దశకి ఆ మొండి చివర చిన్న బుడిపె, ఐదుకి అది సాగి మూడో కణుపైంది, కాస్త లావుగా, నూగుతో, అచ్చం మామూలు చివరి కణుపులాగే. నిన్న రెక్కలొచ్చాయి, ఇక కుబుసం లేదు కాబట్టి కుడికి నాలుగు ఎడమకి మూడు, ఇంతే దానికి. విడిగా డబ్బాలో పెట్టా, రేపు గింజని మూలకి దాచి ఎంతసేపట్లో చేరుతుందో టైమ్ చూస్తా.