గొబ్బెమ్మకా, పిందెకా?

అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లల్ని గుంటూరు తీసుకొచ్చాక చుట్టాలందరూ అడిగేది ఒకటే, "పిల్లలు అలవాటుపడ్డారా?" అని. చిన్నాడు వారంలోనే వీధి క్రికెట్లో కలిసిపోయాడు. పెద్దది మాత్రం గుమ్మడికాయ దగ్గర పేచీ పెట్టుకు కూర్చుంది.

మేం ఉన్నది ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో. పక్కనే మోర్టన్ అని చిన్న ఊరు. తనను తాను ప్రపంచ గుమ్మడికాయల రాజధానిగా చెప్పుకుంటుంది, ఏటా సెప్టెంబరులో గుమ్మడి పండగ చేస్తుంది. మా అమ్మాయి అక్కడ పెరట్లో 'వింటర్ లగ్జరీ' అనే పాతకాలం రకం పెంచేది. 1893లో ఫిలడెల్ఫియాలోని ఒక విత్తనాల కంపెనీ అమ్మకానికి తెచ్చిన రకమది. చిన్న కాయ, తొక్క మీద సన్నటి వల గీతలు, 'పై' అనే అమెరికన్ తీపి వంటకం చేసుకోవడానికి ప్రసిద్ధి. హైబ్రిడ్ కాదు కాబట్టి, పక్కన దాని జాతిదే అయిన జుకినీ కాయ మొక్క పుప్పొడి కలవకుండా చూసుకుంటే, దాచిన గింజకు మళ్ళీ అదే కాయ కాస్తుంది.

ఇండియా వచ్చేస్తున్నామనగానే ఆ గింజలు సూట్‌కేసులో సర్దేసింది. నేను తీయించేశాను. బయటి విత్తనం మన దేశంలోకి తేవాలంటే పర్మిట్ కావాలి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. ఎయిర్‌పోర్టులో ఆ టెన్షన్ నాకెందుకు? పిల్ల ప్రయాణమంతా నాతో మాట్లాడలేదు.

అత్తయ్యగారి దగ్గర బూడిద కలిపి మూటకట్టిన గింజలున్నాయి, తెనాలి వైపు వాళ్ళ పుట్టింటివి. (అలాంటివి దొరకనివాళ్ళకు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళ అర్క చందన్ ఉంది. కాయ రెండు మూడు కిలోలకు మించదు.) "అది కూర గుమ్మడి, 'పై'కి పనికిరాదు" అంది మనవరాలు. అమెరికాలో మంచు భయం పోయాక మే నెలలో గింజ వేస్తారు. గుంటూరు మే నెలలో వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎండ ముదిరితే మగపూలే ఎక్కువ పూస్తాయి, పడిన పిందె కూడా నిలవదు. అందుకని వానలు తగ్గాక, కార్తీకం మొదట్లో వేశాం. నల్లరేగడిలో నీళ్ళు నిలవకుండా మట్టి ఎత్తుచేసి, మాగిన పశువుల ఎరువు వేశాం. రెండాకులు రాగానే ఎర్ర పెంకు పురుగులు దిగాయి. అత్తయ్యగారు పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లేవారు, మనవరాలు పురుగుల్ని ఏరి సబ్బునీళ్ళలో వేసేది.

తీగ గోడెక్కాక ఒకరోజు ఆకు పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఇది గుచ్చుకోవట్లేదు." నిజమే. వింటర్ లగ్జరీ ఆకులు గరగరలాడుతూ చేతులు గీసేవి. ఈ ఆకు మెత్తగా ఉంది, ఈనెల మొదళ్ళలో తెల్లటి మచ్చలున్నాయి. ఆ రాత్రి తండ్రీ కూతుళ్ళు కూర్చుని తేల్చిందేమిటంటే, మన తీపి గుమ్మడి కుకుర్బిటా మొస్కాటా, వింటర్ లగ్జరీ కుకుర్బిటా పెపో. జాతులే వేరు. అంతటితో ఆగితే పిల్లదే గెలుపు. కానీ మోర్టన్ ఫ్యాక్టరీలో డబ్బాలకెక్కే లిబ్బీస్ బ్రాండు గుమ్మడి గుజ్జు 'డికిన్సన్' రకం, అదీ మొస్కాటాయే. అంటే పిల్ల ఊహ తెలిసినప్పటి నుంచి స్నేహితుల ఇళ్ళలో తిన్న డబ్బా గుజ్జు 'పై' అంతా వాళ్ళ నాయనమ్మ గుమ్మడికి చుట్టమే! కాసేపు నోరు పెగల్లేదు. నాకు మాత్రం లోపల చచ్చేంత నవ్వు.

అసలు యుద్ధం ధనుర్మాసంలో. అత్తయ్యగారు తెల్లారకుండానే ముగ్గేసి, గొబ్బెమ్మలు పెట్టి, విచ్చిన గుమ్మడిపూలన్నీ కోసి వాటికి గుచ్చేవారు. ఆమె కోసేవి మగపూలే, పిందె ఉన్న పువ్వు జోలికి ఎప్పుడూ పోరు. పిల్ల బాధ వేరు. మా వీధిలో తేనెటీగలు తక్కువ. పువ్వు తెల్లారుజామున విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఆలోపు మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అంటాలి, లేదంటే పిందె పసుపెక్కి రాలిపోతుంది.

"నాయనమ్మా, అన్నీ కోసేస్తే కాయ ఎలా?"

"మా కాలంలో ఎవరమ్మా పుప్పొడి పూసింది? కాయలేదా?"

"అప్పుడు ఈగలున్నాయి!"

తమ్ముడి వాటర్‌కలర్ కుంచెతో వ్యవహారం తెగింది. కుంచెను మగపువ్వు లోపల తిప్పి, ఆ పసుపు పొడిని ఆడపువ్వు మధ్య ఉన్న కీలాగ్రానికి అద్దేది. రేకులు చెదరవు కాబట్టి పువ్వు యథాతథంగా గొబ్బెమ్మకు వెళ్ళేది. గింజ కోసం అనుకున్న పూలకు వేరే పుప్పొడి చేరకుండా ముందురోజు సాయంత్రమే మొగ్గ మీద దారం చుట్టేది, తెల్లారి పుప్పొడి అద్దాక మళ్ళీ కట్టేది. వారంలోపే అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని టార్చి పట్టడం మొదలుపెట్టారు. పిల్లలకు మన సంప్రదాయాలు నేర్పాలని నేను ఆదివారాలు పెట్టిన క్లాసులు ఎటుపోయాయో గానీ, గొబ్బిపాట మాత్రం దానికి ఈ కుంచె పట్టుకునే వచ్చింది.

కాయ ముదిరేసరికి మార్చి వచ్చింది. గుమ్మడి 'పై' తినే నవంబరు పండగ థాంక్స్‌గివింగ్ ఎప్పుడో అయిపోయింది, పిల్లకు ఆ కోపం ఇంకా ఉంది. ముక్కలు ఓవెన్లో కాల్చి, గుజ్జు పల్చటి గుడ్డలో కట్టి నీరు కారనిచ్చాం. మన కాయలో నీరు ఎక్కువ, ఈ పని ఎగ్గొడితే 'పై' గట్టిపడదు. డబ్బాపాలకు బదులు సగానికి మరిగించిన పాలు పోశాం. దాల్చినచెక్క, శొంఠి, లవంగం, జాజికాయ వంటింట్లో ఉన్నవే. గుడ్డు పడుతుందని అత్తయ్యగారు ముట్టలేదు, మిగిలిన సగం కాయతో దప్పళం పెట్టుకున్నారు. 'పై' మీద ఆమె తీర్పు వాసన చూసే: "పంచదారెందుకే, బెల్లం వెయ్యాల్సింది."

మంచం కింద ఇంకా మూడు కాయలున్నాయి. దారం కట్టినది విత్తనానికి, అందులో గొడవ లేదు. మిగతా రెండింటి మీదే పంచాయితీ నడుస్తోంది.