ఆర్‌ఎక్స్ 100 లాగ్: నాలుగో లీక్ టెస్టు, గాలి దారి దొరికింది

యమహా ఆర్‌ఎక్స్ 100 టూస్ట్రోక్ బైక్ ఇంజన్ దారులన్నీ మూసి గాలి కొడితే, గేజ్ ముల్లు నిమిషంలో 300 నుంచి 286. అంతే దిగింది! మొదటి టెస్టులో ఇదే ముల్లు నిమిషం తిరక్కుండానే 120కి పడిపోయింది. మధ్యలో మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాక వచ్చిన అంకె ఇది. అందుకే ఈసారి రాసేదంతా ఈ ఒక్క లీకు గురించే.

మిగతా పని ఒక్క ముక్కలో: బోరింగ్ (సిలిండర్ లోపలి గోడ చెక్కించడం) విజయవాడ ఆటోనగర్‌లో అయింది, పిస్టన్, రింగులు, క్రాంక్, బేరింగుల కొలతలు చూశాను. అన్నీ మొదటిసారికే కుదిరాయి.

కుదరనిది స్లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ నడిచే వేగం). యాక్సిలరేటర్ వదిలేశాక రేసు దిగదు. 2500 ఆర్‌పీఎం దగ్గర ఏడెనిమిది సెకన్లు వేలాడి, అప్పుడు మెల్లగా 1400కి వస్తుంది. ప్లగ్గు తెల్లగా కాలుతోంది, అంటే మిక్స్చర్ పల్చన (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ). పైగా ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి నీలిపొగ ఆగట్లేదు. మిక్స్చర్ పల్చనైతే పొగ తగ్గాలి. పల్చదనం, పొగ రెండూ ఒకేసారి కనిపించడమే ఇందులో అసలు ఆధారం. దాన్ని మొదట్లో పట్టించుకోకపోవడం వల్లే ఇన్ని విప్పుళ్లు.

మొదటి అనుమానం పెట్రోల్ మీదికి వెళ్లింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్). ఇథనాల్ లేని పెట్రోల్‌కి 14.7 పాళ్లు గాలి కావాలంటే దీనికి 13.5 దగ్గర సరిపోతుంది. అంటే పాత జెట్లతో (కార్బరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న బెజ్జాల ముక్కలు) ఈ బండ్లన్నీ కొంచెం పల్చగానే నడుస్తాయి. స్లోకి పనిచేసే పైలట్ జెట్ ఒక సైజు పెంచితే పికప్ బాగైంది గానీ వేలాడే రేసు అలాగే ఉంది. స్లోకి వెళ్లే గాలిని కుదిర్చే ఎయిర్ స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పేసినా స్లోలో తేడా రాలేదు. ఎయిర్ స్క్రూకి ఇంజన్ పలకడం లేదంటే గాలి కార్బరేటర్ దాటాక ఎక్కడో దూరుతోందన్నమాట. ఆ తర్వాత జెట్లు మార్చుకుంటూ కూర్చోవడం దండగ.

లీక్ టెస్టుకి కొన్న కిట్ అక్కర్లేదు. పాత బీపీ మిషన్ గేజ్, బల్బు చాలు. డయల్ 300 (మి.మీ. పాదరసం) వరకు ఉంటుంది, అది దాదాపు 5.8 పీఎస్‌ఐ. టూస్ట్రోక్ చాంబర్‌కి (పిస్టన్ తిప్పే క్రాంక్ షాఫ్టు ఉండే కేసు) సరిగ్గా కావాల్సిన ఒత్తిడి అదే. అంతకంటే ఎక్కువ కొడితే మంచి సీళ్లు (క్రాంక్ రెండు పక్కలా గాలి ఆపే రబ్బరు రింగులు) కూడా కదులుతాయి, కంప్రెసర్ గొట్టం దగ్గరికే రానివ్వకూడదు. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, ఆ చిప్పలో సైకిల్ ట్యూబు వాల్వు అతికించి బల్బు తగిలించాలి. ఎగ్జాస్ట్‌కి 5 మి.మీ. అల్యూమినియం ప్లేటు, దాని కింద లారీ ట్యూబు ముక్క. ఇన్‌లెట్ రబ్బరుకి లేత్ మీద తిప్పించిన బిరడా, పైన క్లిప్పు. పిస్టన్ కింది చివరన పెడితే చాంబర్, బోరు (సిలిండర్) కలిపి ఒకేసారి టెస్టవుతాయి. నిమిషానికి 50 లోపు దిగితే పాసు. ఇంటి పనిలో 25 దాటితే మాత్రం వదిలిపెట్టకూడదని నా లెక్క.

మొదటి టెస్టు: 300 నుంచి 120. సబ్బునీళ్లు పూస్తే బోరు అడుగున వెనక ఎడమ స్టడ్ దగ్గర బుడగలు. పాత ప్యాకింగ్ ముక్క చాంబర్ మూతి మీద అలాగే ఉండిపోయింది. గీకి, కొత్త ప్యాకింగ్ వేస్తే 300 నుంచి 190.

రెండో టెస్టుకి బయట ఎక్కడా బుడగ లేదు. మ్యాగ్నెట్ తీసి ఎడమ సీల్ మీద సబ్బు, ఏమీ లేదు. క్లచ్ కవర్ తీసి కుడి సీల్ మీద సబ్బు, అక్కడా లేదు. అయినా నీలిపొగ అంటే గేర్ ఆయిల్ వైపు ఉన్న కుడి సీలే అనుకోవడం మనందరికీ అలవాటు కదా, దాన్ని మార్చేశాను. మూడో టెస్టు: 300 నుంచి 195. అంటే మార్చక్కర్లేని సీల్ మార్చినట్టు.

ఆధారం గేర్ ఆయిల్‌లో దొరికింది. పోసింది 650 మి.లీ., 60 కి.మీ. తిరిగాక దింపి కొలిస్తే 605. కింద మరక లేదు. క్లచ్ కవర్ మళ్లీ బిగించి, గేర్‌బాక్స్ బ్రీదర్‌కి (గాలి పోయే బెజ్జం) సన్న గొట్టం తగిలించి, రెండో కొస గ్లాసు నీళ్లలో ముంచి బల్బు నొక్కితే సెకనుకి రెండు బుడగలు. బీపీ ముల్లు దిగుతున్నంతసేపూ అదే లయలో వచ్చాయి. సీళ్లు రెండూ బాగున్నాయి, గాలి మాత్రం గేర్‌బాక్స్‌లోకి పోతోంది. ఇక మిగిలింది క్రాంక్ గదికి, గేర్ల గదికి మధ్య ఉన్న సన్న గోడే. చాంబర్ రెండు చెక్కలూ కలిసే జాయింటు అక్కడ బయటికి కనిపించదు, సబ్బునీళ్లు అందవు. పిస్టన్ పైకి లేచినప్పుడల్లా క్రాంక్ గది గేర్‌బాక్స్ గాలిని, దాంతోపాటు ఆయిల్ తుంపరని పీల్చుకుంటుంది. పల్చదనం, పొగ రెండూ ఒకే సందు నుంచి.

చాంబర్ విప్పాక స్టీల్ స్కేలు అంచు గోడ మీద నిలబెట్టి వెనక టార్చ్ వేస్తే ఒక ఎం6 (6 మి.మీ.) స్క్రూ బెజ్జానికి రెండు పక్కలా వెలుగు గీత కనిపించింది. బెజ్జం చుట్టూ అల్యూమినియం చిన్న గట్టులా లేచి ఉంది. వేలు పెడితే తెలియదు, గోరు పెడితే తగులుతుంది. ఫీలర్‌తో (సందు కొలిచే రేకు) చూస్తే 0.05 మి.మీ. దూరింది, 0.06 దూరలేదు. థ్రెడ్డు పైకి లాగుకుపోయి, ఆ గట్టే రెండు చెక్కల్నీ కలవనివ్వకుండా ఎత్తి పట్టుకుంది. స్క్రూ బిగించేటప్పుడు చేతికి గట్టిగానే అనిపిస్తుంది, ఒత్తిడి మాత్రం జాయింటు మీదికి రాదు.

ఎలా లేచిందంటే, నా అంచనా అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి). కంపెనీ ప్లస్ స్క్రూ మితిమీరి బిగిస్తే ముందు తల అరుగుతుంది, థ్రెడ్డు బతుకుతుంది. అలెన్ వేసి టీ హ్యాండిల్‌తో బిగిస్తే తల నిలుస్తుంది, అల్యూమినియం పోతుంది. అలెన్ వేయొద్దని కాదు, టార్క్ రెంచి లేకుండా వేయొద్దు. ఎం6కి ఇక్కడ 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు.

జాయింటు ముఖాన్ని అద్దం మీద ఎమరీ వేసి రుద్దాలన్న ఆలోచన వస్తుంది, వద్దు. ఈ చాంబర్ నిలువుగా రెండు చెక్కలు కాబట్టి రుద్దినంత మేరా క్రాంక్ సైడ్ ప్లే తగ్గిపోతుంది. గట్టు వరకే సన్న ఆయిల్ రాయితో, రాయి మిగతా ముఖానికి తాకేదాకా రుద్ది ఆపాలి. తర్వాత 6.3 డ్రిల్లు, హెలికాయిల్ (పోయిన థ్రెడ్డు బదులు వేసే తీగ చుట్ట) ట్యాపు, 9 మి.మీ. పొడవు కాయిల్. ట్యాపుకి గ్రీజు పూస్తే పొడి దానికే అంటుకుని వస్తుంది. కాయిల్‌ని ముఖానికి ఒక చుట్టు లోపలికి దించి, తోక విరిచి బయటికి తీయాలి, గేర్లలో పడితే మళ్లీ మొదటికే. చివర్న బెజ్జం నోరు కొంచెం చాంఫర్ చేస్తే (అంచు ఏటవాలుగా గీకితే) ఇంకోసారి గట్టు లేవదు.

జాయింటుకి మామూలు సిలికాన్ గమ్ పూయకండి. పెట్రోల్‌కి ఉబ్బి, ఊడి, ముక్కలు బేరింగుల్లోకి వెళ్తాయి. ఆరినా కాస్త మెత్తగా ఉండే యామాబాండ్ గమ్ నాకు ఇష్టం, హైలోమార్ కూడా మంచిదే. ఒక్క ముఖానికే, వేలితో పల్చగా, ఆ సన్న గోడ మీద ఖాళీ లేకుండా.

ఆ తర్వాతే 286. కానీ ఒత్తిడి టెస్టు పాసైతే సగమే అయినట్టు. సీల్ పెదవి లోపలికి చూస్తుంది కాబట్టి ఒత్తిడికి షాఫ్టుకి అతుక్కుంటుంది, పీల్చినప్పుడే వదులుతుంది. చేతి వాక్యూమ్ పంపుతో 200 లాగి చూస్తే నిమిషం తిరిగేసరికి 95కి వచ్చేసింది. ఎడమ సీల్ పెదవి దగ్గర ఒక చుక్క 2టి (టూస్ట్రోక్) ఆయిల్ వేస్తే కళ్లముందే లోపలికి జారిపోయింది. సబ్బునీళ్లు పట్టుకోలేనిది ఆ చుక్క పట్టుకుంది. సీల్ కొత్తదే, షాఫ్టు మీద పాత పెదవి కోసిన గాడి ఉంది. కొత్త ఎన్‌ఓకే సీల్‌ని (మంచి కంపెనీది) ఒక మి.మీ. బయటికి నిలిపి పెదవిని అరగని చోట కూర్చోబెడితే 200 నుంచి 188. మ్యాగ్నెట్ దగ్గర కాయిళ్లుండే స్టేటర్ ప్లేటుకి తగలట్లేదని చూసుకోవాలి. ఊరూపేరూ లేని సీళ్లు మాత్రం ఇక కొనను, పెదవి స్ప్రింగు వేలికే వదులుగా తెలుస్తుంది.

ఇప్పుడు రేసు వదిలితే రెండు సెకన్లలోపే 1300. పొగ పోయింది.

ఇక జెట్లన్నీ మళ్లీ మొదటి నుంచి, ఎందుకంటే లీకుతో కుదిర్చిన పైలట్ జెట్ ఇప్పుడు రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అయింది. మెయిన్ జెట్ ఈ20కి ఒక సైజు పైకే ఉంటుందని అనుకుంటున్నాను, ప్లగ్గు రంగు చూసి తేలాలి. సీసం తీగతో కొలిస్తే స్క్విష్ (పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌తో మిగిలే సందు) 1.35 మి.మీ. వచ్చింది. అడుగు ప్యాకింగ్ 0.5 తీసి 0.25 వేస్తే 1.1 అవుతుంది, పోర్టులు ఆ పావు మి.మీ. కిందికి దిగినా పర్వాలేదు. ఎగ్జాస్ట్ పోర్టు మీద గ్రైండర్ పెట్టడం మాత్రం 500 కి.మీ. అయ్యాకే. అప్పుడు బోరు తీసేముందు ఇదే బీపీ గేజ్ మళ్లీ తగిలించి, ఆ అంకె ముందు రాస్తాను.