అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్‌కి పీసీవీ బిగించడం

పాత అంబాసిడర్ రాత్రి ఎక్కడ ఆగితే తెల్లారేసరికి అక్కడ నేల మీద నూనె మరక. క్లచ్ హౌసింగ్ అడుగున కారుతుంటే చాలామంది ఇచ్చే సలహా ఒకటే: "వెనక ఆయిల్ సీల్ పోయింది, మార్పించండి." మార్చడానికి అక్కడ సీల్ ఉంటే కదా! అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. షాఫ్ట్ తిరిగేటప్పుడు ఆ గాడి నూనెను లోపలికి తోస్తుంది. లోహానికీ లోహానికీ మధ్య సన్నటి సందు తప్ప రబ్బరు పెదవి లాంటిదేమీ లేదు. క్రాంక్‌కేసులో, అంటే క్రాంక్‌షాఫ్ట్ తిరిగే అడుగు గదిలో, కాస్త ఒత్తిడి పెరిగితే చాలు, ఆ సందులోంచి నూనె బయటికి వచ్చేస్తుంది. లోపల ఎప్పుడూ కొద్దిపాటి వాక్యూమ్ ఉంచగలిగితే ఈ ఇంజిన్‌కి అదే సీల్. ఆ పని చేసేదే పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్): క్రాంక్‌కేసులోని పొగను ఒక వాల్వ్ గుండా ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోకి, అంటే కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకి పోయే గొట్టంలోకి, లాగే ఏర్పాటు.

కంపెనీ ఇచ్చిన ఏర్పాటు పాతకాలపుది. ఇంజిన్ పక్కన, మ్యానిఫోల్డ్ కింద రెండు ట్యాపెట్ కవర్లు (రేకు మూతలు) ఉంటాయి. ముందు కవర్‌కి ఒక గొట్టం, అది నేలవైపు వేలాడుతుంది. బండి వేగంగా పోతే గొట్టం కొస దగ్గర గాలి లాగి, పిస్టన్ రింగుల పక్కనుంచి క్రాంక్‌కేసులోకి దిగే బ్లో-బై పొగను బయటికి తీస్తుంది. హైవే మీద సరే. సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో ఆ లాగుడు సున్నా. పొగ లోపలే తిరిగి, ఇంజిన్ పైనున్న చల్లటి రాకర్ కవర్‌కి తగిలి నీరై, నూనెతో కలిసి వెన్నలాంటి తెల్లటి ముద్ద కడుతుంది. అమెరికాలో 1961 మోడల్ నుంచే కాలిఫోర్నియా కార్లకు పీసీవీ వచ్చేసింది. ఈ ఇంజిన్ కుటుంబాన్నే వాడిన ఎంజీబీ స్పోర్ట్స్ కారుకి కూడా 1960ల్లో పెట్టారు. కాబట్టి మనం చేస్తున్నది కొత్త ప్రయోగమేమీ కాదు.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. ఇంజిన్ బాగా వేడెక్కాక స్లో స్పీడ్‌లో ఉంచి ఆయిల్ మూత తీయండి. పలచటి ఆవిరి వస్తే పర్వాలేదు. రైలింజన్‌లా బుస్ బుస్ మని పొగ తన్నుతుంటే రింగులు అయిపోయాయని అర్థం. అలాంటి ఇంజిన్‌కి పీసీవీ పెడితే ఆయిల్ అంతా మ్యానిఫోల్డ్‌లోకి పోయి, నీలిపొగ వచ్చి, ప్లగ్గులు నల్లబడతాయి. ముందు ఇంజిన్‌కి రింగుల రిపేరు చేయించండి. ఇంకొకటి, ఇదంతా పెట్రోల్ ఇంజిన్‌కే. డీజిల్ అంబాసిడర్‌కి ఈ పద్ధతి వద్దు. అక్కడ ఇన్‌టేక్‌లోకి నూనె పోతే అదే ఇంధనమై, ఆపినా ఆగకుండా ఇంజిన్ పరుగెత్తే ప్రమాదముంది.

కావలసినవి పెద్దగా లేవు. 1300 నుంచి 1600 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌కి వాడే పీసీవీ వాల్వ్ ఒకటి, కొత్తదే కొనండి. కవర్ నుంచి వాల్వ్ దాకా 16 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న నూనె తట్టుకునే నైట్రైల్ హోస్, వాల్వ్ నుంచి మ్యానిఫోల్డ్ దాకా 8 నుంచి 10 మి.మీ. హోస్. రేడియేటర్ హోస్ ముక్క వాడితే నూనెకి మెత్తబడి, వాక్యూమ్‌కి నొక్కుకుపోతుంది. నీళ్ళ పైపు సంగతి చెప్పనే అక్కర్లేదు. పొగలోని నూనె, నీరు పట్టుకోవడానికి కవర్‌కీ వాల్వ్‌కీ మధ్యలో 300 మి.లీ. పట్టే చిన్న డబ్బా ఒకటి, అడుగున డ్రెయిన్ కాక్‌తో. డబ్బాలో గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీల్ పీచు వదులుగా కూరాలి. మామూలు ఇనుప పీచు వద్దు. అది తుప్పుపట్టి పొడైతే ఆ పొడి నేరుగా సిలిండర్లలోకే.

ట్యాపెట్ కవర్‌ను నడిమి బోల్టు ఒక్కటే పట్టి ఉంచుతుంది. లీకవుతోందని దాన్ని ఇంకా ఇంకా బిగిస్తే రేకు కవర్ వంగి అంచులు లేస్తాయి, లీకు రెట్టింపవుతుంది. కవర్ తీసినప్పుడే బల్లమీద పెట్టి అంచు సమంగా ఉందో లేదో చూసుకోండి. వంగితే మెల్లగా సుత్తితో సరిచేసి, కొత్త కార్క్ గ్యాస్కెట్, బోల్టు కింద కొత్త వాషర్ వేసి, గ్యాస్కెట్ కొద్దిగా నొక్కుకునేంత వరకే బిగించండి. వేలాడే గొట్టం తీసేసి, ఆ మూతికి 16 మి.మీ. హోస్ తొడిగి పైకి డబ్బాకి తీసుకెళ్ళండి. దారిలో ఎక్కడా కిందికి వంపు ఉండకూడదు. వంపులో నూనె నిలిస్తే అదే బిరడా అవుతుంది.

మ్యానిఫోల్డ్‌లో ఎక్కడ రంధ్రం చేయాలన్నది అసలు చిక్కు. ఈ హెడ్‌కి ఇన్‌టేక్ పోర్టులు రెండే, ఒక్కోటి రెండు సిలిండర్లకి. ఒక కొసన కలిపితే ఆ రెండు సిలిండర్లే లీన్ అవుతాయి, అంటే వాటికి గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. అందుకే సరిగ్గా కార్బ్యురేటర్ కిందే కలపాలి. మ్యానిఫోల్డ్‌ని తవ్వడం కన్నా, కార్బ్యురేటర్‌కీ మ్యానిఫోల్డ్‌కీ మధ్య 12 మి.మీ. మందం అల్యూమినియం పలక వేయించడం నాకు నచ్చిన పద్ధతి. లేత్ షాపులో పలక పక్క నుంచి రంధ్రం చేసి, హోస్ తొడగడానికి పొట్టి గొట్టం (స్టబ్) బిగిస్తారు. తర్వాత వద్దనుకుంటే పలక తీసేయొచ్చు. పొడుగు స్టడ్లు, రెండు గ్యాస్కెట్లు కావాలి. యాక్సిలరేటర్ లింకేజి కూడా 12 మి.మీ. పైకి సర్దుకోవాలి, లేకపోతే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు. బ్రేక్ సర్వో ఉంటే దాని హోస్‌కి మాత్రం 'T' ఆకారపు జాయింట్ పెట్టి కలపకండి. నూనె ఆవిరి సర్వో డయాఫ్రమ్‌ని తినేస్తుంది.

వాల్వ్ దిశ తప్పితే అంతా వృథా. క్రాంక్‌కేసు వైపు నుంచి నోటితో ఊదితే గాలి పోవాలి, మ్యానిఫోల్డ్ వైపు నుంచి ఊదితే ఆగాలి. ఊపితే గలగలమనాలి. బ్యాక్‌ఫైర్ మంట క్రాంక్‌కేసులోకి పోకుండా ఆపేది కూడా ఈ వాల్వే, కాబట్టి "వాల్వ్ ఎందుకు, సన్న పైపు చాలు" అనేవాళ్ళ మాట వినొద్దు.

లాగిన గాలికి బదులు శుభ్రమైన గాలి లోపలికి రావాలి. అది రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి పోయే పాత హోస్ నుంచే వస్తుంది. ఆయిల్ మూత మాత్రం గాలి చొరబడనిదై ఉండాలి. హోస్ పూర్తిగా తెరిచి ఉంటే లోపల వాక్యూమ్ నిలవదు, కాబట్టి అందులో రంధ్రం ఉన్న ఇత్తడి బిళ్ళ ఒకటి వేయాలి. 6 మి.మీ. రంధ్రంతో మొదలుపెట్టండి, 5 కన్నా కిందికి దిగొద్దు. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే మ్యానిఫోల్డ్ వాక్యూమ్ పోతుంది, వాల్వ్ లాగదు. అప్పుడు పొగ అంతా ఈ రంధ్రం గుండానే ఎయిర్ క్లీనర్‌లోకి వెనక్కి పోవాలి.

సరిపోయిందో లేదో అంచనాతో తేల్చకండి. రెండు మీటర్ల పారదర్శకమైన గొట్టాన్ని 'యు' ఆకారంలో స్కేలుకి కట్టి, సగం దాకా నీళ్ళు పోసి, ఒక కొసను డిప్‌స్టిక్ రంధ్రానికి రబ్బరుతో బిగించండి. 'యు' భాగం ఇంజిన్ కన్నా బాగా కింద ఉండాలి, లేకపోతే నీళ్ళు ఇంజిన్ అడుగున నూనె ఉండే సంప్‌లోకి పోతాయి. వేడి ఇంజిన్, స్లో స్పీడ్: ఇంజిన్ వైపు నీళ్ళు పైకి లేచి, రెండు మట్టాల మధ్య 25 నుంచి 75 మి.మీ. తేడా ఉంటే బాగుంది. తేడా లేకపోతే ఎక్కడో గాలి లీకు. ఆయిల్ మూత, ట్యాపెట్ కవర్లు వెతకండి. 100 దాటితే రంధ్రం పెంచండి. ఎక్కువ వాక్యూమ్ ఉంటే టైమింగ్ కవర్ సీల్ పక్కనుంచి దుమ్ము లోపలికి వస్తుంది. ఇంజిన్ వైపు నీళ్ళు కిందికి దిగితే రింగుల సంగతి మళ్ళీ చూడాల్సిందే.

ఇక కార్బ్యురేటర్. 1489 సీసీ ఇంజిన్ 700 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 520 లీటర్లు పీల్చగలదు, కానీ థ్రాటిల్ మూసి ఉంటే అందులో మూడో వంతు కూడా రాదు. దానికి వాల్వ్ నుంచి నిమిషానికి పాతిక లీటర్లు అదనంగా కలిశాయంటే తక్కువేం కాదు. అందుకే బిగించగానే స్లో స్పీడ్ పెరుగుతుంది లేదా ఇంజిన్ ఊగుతుంది. థ్రాటిల్ స్క్రూ వెనక్కి తిప్పి వేగం తగ్గించాక మిక్స్చర్ పెంచండి. కార్బ్యురేటర్ సోలెక్స్ కంపెనీది అయితే వాల్యూమ్ స్క్రూ పావు చుట్టు చొప్పున బయటికి, ఎస్‌యూ కంపెనీది అయితే జెట్ నట్ ఒక్కో ముఖం చొప్పున కిందికి. ఇంజిన్ నడుస్తుండగా వాల్వ్ మూతిని వేలితో మూస్తే వేగం కొంచెం తగ్గాలి. తగ్గకపోతే వాల్వ్ మూసుకుపోయి ఉంటుంది.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ వాల్వ్‌ని పెట్రోల్‌తో కడిగి ఊపి చూడండి. చలికాలంలో, చిన్న చిన్న ప్రయాణాలే చేసే బండికైతే డబ్బా రెండు వారాలకే పాలరంగు నీళ్ళతో నిండొచ్చు. అది ఆయిలే కదా అని తిరిగి ఇంజిన్‌లో పోయకండి. అందులో సగం నీరూ ఆమ్లమే.