నడుము కొలత: జూన్ నుంచి జనవరి దాకా

హనుమకొండలో ఇరవై రెండేళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. పొద్దున లేస్తే ఎవరిదో ఒకరి నడుము కొలత రాసే పనే. నాది నేను కొలుచుకొని ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. నా బ్లౌజులకు మూడేళ్ళలో రెండుసార్లు పక్క కుట్లు విప్పి లూజు చేసుకున్నాను. మూడోసారి విప్పుదామని చూస్తే లోపల వదిలిన గుడ్డ అయిపోయింది. అదే వారం రక్తపరీక్షలో హెచ్‌బిఎ1సి 6.1 వచ్చింది. అది దాదాపు మూడు నెలల షుగర్ సగటు. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గడప దగ్గర నిలబడ్డట్టు. మందులు ఇప్పుడే వద్దు, నడవండి, తిండి చూసుకోండి అన్నారు డాక్టరమ్మ.

2025 జూన్ 9న ఆర్డర్ల పుస్తకంలో చివరి పేజీ తిప్పి నా కొలతలు రాసుకున్నాను. బరువు 74.6 కిలోలు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, నడుము 38 అంగుళాలు. మన దేశంలో ఆడవాళ్ళకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే 31.5 అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలంటారు. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, దాదాపు 35.5 అంగుళాలు.

కొలిచే పద్ధతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది తప్పు చోట కొలుస్తున్నారు. లంగా కట్టుకునే చోటు కాదు. కింది పక్కటెముక ఒకటి, తుంటి ఎముక పై అంచు ఒకటి వేలితో నొక్కి చూసుకొని, ఆ రెండింటికీ మధ్యలో టేపు పెట్టాలి. పొద్దున్నే, ఏమీ తినకముందు. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాగకూడదు. టేపు ఒంటికి ఆనాలి కానీ బిగించకూడదు. వెనకవైపు కిందికి జారిందేమో అద్దంలో చూసుకోవాలి. ఇంకొక మాట, పాత టేపు సాగుతుంది. నా దుకాణంలో టేపును స్టీలు స్కేలు పక్కన పెట్టి చూస్తే 60 అంగుళాలకు అరంగుళం తేడా ఉంది. సాగిన టేపు అసలు కంటే తక్కువ చూపిస్తుంది. కొత్తది తెచ్చి, అది నా ఒక్కదానికే పక్కన పెట్టుకున్నాను. నెలకు ఒకటి రెండుసార్లు కొలుస్తాను.

నడక వడ్డేపల్లి చెరువు కట్ట మీద. పొద్దున 5.30కి పక్కింటి అక్కతో స్కూటీ మీద వెళ్తాను. మొదటి వారం 20 నిమిషాలు, తర్వాత వారానికి ఐదు నిమిషాలు పెంచుతూ 40కి వచ్చాను. వారానికి కనీసం 150 నిమిషాలు నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 40 నిమిషాల చొప్పున నాలుగు రోజులు నడిచినా సరిపోతుంది, నేను ఐదు రోజులు పెట్టుకున్నాను. వేగం ఎంత ఉండాలంటే, అక్కతో మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి అందకూడదు.

చేసిన తప్పు చెప్పులతో నడవడం. రెండో వారానికి పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో సూది గుచ్చినట్టయ్యేది. పది రోజులు ఆపాల్సి వచ్చింది. నీళ్ళ సీసా ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి అరికాలి కింద దొర్లించాను. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీశాను. చౌరస్తాలో 1,100 రూపాయలు పెట్టి బూట్లు కొన్నాను. నొప్పి పూర్తిగా పోవడానికి నెలన్నర పట్టింది. మొదటి రోజే బూట్లు కొనండి, దీంట్లో పొదుపు చేయకండి.

జూలై 10: 73.1 కిలోలు, నడుము 37.25.

ఇక వంటిల్లు. నలుగురం ఉన్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల నూనె అయిపోయేది. లెక్క వేస్తే తలకు రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ఆడవాళ్ళకైతే, చేసే పనిని బట్టి 20 నుంచి 30 గ్రాములు. కూర కూరకూ చెంచాలు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. అందుకని ఇంటి మొత్తానికి ఒక కొలత పెట్టాను. మా ఇంట్లో చిన్న స్టీలు చాయ్ గ్లాసు ఉంది. దగ్గు మందు మూతతో, 10 మి.లీ. చొప్పున పది మూతల నీళ్ళు పోస్తే అంచుకు కొంచెం కింద ఆగింది. అక్కడ మేకుతో ఒక గీత గీశాను. పొద్దున పొయ్యి పక్కన ఆ గీత దాకా నూనె పోసి పెడతాను. తాళింపు, కూర, రొట్టె, ఏదైనా ఆ రోజుకు అదే. రాత్రి మిగిలితే మూత పెట్టి రేపటికి. మొదటి వారం మధ్యాహ్నానికే అయిపోయేది, రాత్రి పచ్చి పులుసు, ఉడకబెట్టిన గుడ్లతో కానిచ్చాం. రెండో వారానికి చెయ్యి అలవాటు పడింది. ఇప్పుడు నెలకు మూడు లీటర్లు, తలకు 23 గ్రాములు. సర్వపిండి చేసే రోజు గ్లాసు ముందే పక్కకు పెట్టుకొని, మిగతా వంటలో తగ్గిస్తాను.

అన్నం తగ్గించడమే ఇంట్లో కష్టమైంది. మా అత్తమ్మకు నా పళ్ళెం చూస్తే భయం వేసేది. "గింత బువ్వ తింటే ఎట్లనే బిడ్డా, పొద్దంత మిషిన్ మీద కూసుంటవ్, కండ్లు తిరుగుతయ్" అనేది. నేను ఆమెతో వాదించలేదు. ముందు కూర పెట్టుకోవడం మొదలుపెట్టాను. పళ్ళెంలో సగం కూర, ఒక పక్క గట్టి పప్పు, మిగిలిన చోట అన్నం. పళ్ళెం నిండుగా కనిపించేసరికి అత్తమ్మ అనడం మానేసింది. రాత్రి ఒక జొన్న రొట్టె లేదా మక్క గటక, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి. జొన్నలైనా తైదలైనా (రాగులు) ఎంత తిన్నా లావెక్కరనుకుంటే పొరపాటు. తెలంగాణ సోనా బియ్యం సంగతీ అంతే. షుగర్‌ను నెమ్మదిగా పెంచుతుందన్న మాట నిజమే, అలాగని రెండు గంటెలు ఎక్కువ పెట్టుకుంటే ఆ లాభం అక్కడే పోతుంది.

తక్కువ తిన్నా ఆకలి కాకుండా ఆపింది పప్పు, గుడ్లే. నాకు రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ కావాలని లెక్క వేసుకున్నాను. రెండు గుడ్లలో 12, 50 గ్రాముల కందిపప్పులో 11, గుప్పెడు పల్లీల్లో 7, పెద్ద గిన్నెడు పెరుగులో 6, మిగతాది రొట్టె, అన్నం, బొబ్బర్ల నుంచి వస్తుంది. పొడులు కొనలేదు. రెండేళ్ళ కింద తెలిసినామె మాట విని రాత్రి అన్నానికి బదులు ఒక పొడి తాగాను. నలభై రోజుల్లో ఐదు కిలోలు పోయి, జుట్టు ఊడి, దసరాకల్లా ఐదూ వెనక్కి వచ్చాయి. ఆ డబ్బు గురించి ఇప్పటికీ బాధే.

చాయ్ రోజుకు ఆరుసార్లు, రెండేసి చెంచాల చక్కెర. అంటే దాదాపు 60 గ్రాములు, 240 క్యాలరీలు. ఇప్పుడు మూడు చాయ్‌లు, అర చెంచా చొప్పున.

ఆగస్టు 31: 71.2 కిలోలు, నడుము 36.

సెప్టెంబర్‌లో అంతా తప్పింది. బతుకమ్మ సీజన్ అంటే మా పనివాళ్ళకు ఏడాది సంపాదన. పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా కుర్చీలోనే. నడక లేదు, అన్నం ఎప్పుడో అర్ధరాత్రి, మళ్ళీ ఐదారు చాయ్‌లు. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు వేయి స్తంభాల గుడి దగ్గర రెండు గంటలు ఆడాను. చివరి రోజు, సద్దుల నాడు పద్మాక్షి గుండం దగ్గర ఇంకో రెండు గంటలు. తొమ్మిది రోజుల్లో నా ఒళ్ళు కదిలింది అంతే. అక్టోబర్ 3న 72.4 కిలోలు, నడుము 36.5. చూసుకొని ఏడుపొచ్చింది. కానీ ఉపవాసాలు పెట్టలేదు. ఉప్పూ అన్నమూ ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి కిలో దాకా ఊరికే పెరుగుతుంది. మామూలు తిండికి, గీత గ్లాసుకు తిరిగి వస్తే ఆరు రోజుల్లో 800 గ్రాములు దిగింది.

అక్టోబర్ చివర మొంథా తుఫాను వానకు మా వైపు కాలనీల్లోకి నీళ్ళొచ్చి వారం రోజులు కట్టకు పోలేదు. ఆ వారమే ఇంట్లో కసరత్తు మొదలైంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి తోయడం, రెండు లీటర్ల నీళ్ళ సీసాలు చెరో చేత్తో ఎత్తడం. వారానికి మూడు రోజులు, పావుగంట. మొదటి రోజు కుర్చీ తొమ్మిదిసార్లకే తొడలు వణికాయి. ఇప్పుడు పదిహేనేసి చొప్పున మూడు విడతలు చేస్తున్నాను. మిషిన్‌కు మోటారు బిగించి ఆరేళ్ళయింది, అప్పటినుంచి నా కాళ్ళకు పని లేదన్న సంగతి ఆ వణుకుతోనే అర్థమైంది. మోటారు తీసేయలేను, పని సాగదు. ప్రతి బ్లౌజు అయ్యాక లేచి, ఇస్త్రీ నిలబడి చేస్తున్నాను. నడుము నొప్పి సగానికి సగం తగ్గింది.

నవంబర్ 30: 70.3 కిలోలు, 35.25. డిసెంబర్ పరీక్షలో హెచ్‌బిఎ1సి 5.8. ఇంకా గడప దగ్గరే ఉన్నాను, కానీ ముఖం బయటికి తిరిగింది.

సంక్రాంతికి సకినాలు చేశాం. నూనె గ్లాసు లెక్క ఆ రెండు రోజులు పక్కన పెట్టాను. అత్తమ్మ చుడుతుంటే తినకుండా ఎట్లా? డబ్బాలో పెట్టి, చాయ్‌తో రోజుకు రెండు తిన్నాను. తెల్లారి నడకకు వెళ్ళాను.

2026 జనవరి 18: 68.9 కిలోలు, నడుము 34.5. పాత ఆకుపచ్చ బ్లౌజు తీసి రెండు పక్కలా కుట్టు లోపలికి వేశాను, లోపల మళ్ళీ గుడ్డ మిగిలింది. మా ఆయన పక్కనే ఉంటే టేపు ఆయనకూ వేశాను. 39 వచ్చింది. పుస్తకంలో నా పేజీ పక్క పేజీలో రాశాను. రేపటి నుంచి తానూ కట్టకు వస్తానన్నాడు. చెప్పులతో కాదు, ఈ సాయంత్రమే పోయి బూట్లు కొనుక్కొద్దామన్నాను.